చిన్న కాలేజీ క్రీడాచరిత్రలో ఎవరి పేర్లు రాయాలి?

మీ ప్రశ్న చదివాను. మీది ఊళ్లో చిన్న డిగ్రీ కాలేజీ, స్వర్ణోత్సవాల సావనీరుకి క్రీడాచరిత్ర రాసే పని మీ నెత్తిన పెట్టారు. ఒలింపిక్స్‌కి వెళ్లినవాళ్లు లేరు, అర్జున అవార్డులు లేవు, పేరున్న కోచ్‌లూ లేరు, ఇక ఏం రాయాలి అని అడిగారు. నేను గోదావరి జిల్లాలో ఒక కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా (పీడీ అంటాం) చేసి రిటైరయ్యాను. మా కాలేజీ సావనీరుకి ఇదే పని నాకూ తగులుకుంది. అందుకని నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఒక్క మాట. కప్పుల లెక్కతో మొదలుపెట్టకండి. ఫలానా ఏడాది వాలీబాల్ విన్నర్స్, ఫలానా ఏడాది కబడ్డీ రన్నర్స్ అని రెండు పేజీలు నింపితే ఆ జట్లలో ఆడినవాళ్లు తప్ప ఇంకెవరూ చదవరు. వాళ్లయినా తమ పేరుందో లేదో చూసుకుని పేజీ తిప్పేస్తారు. చిన్న కాలేజీలో చూడాల్సింది అక్కడ ఎవరు నేర్పారు, నేర్చుకున్నవాళ్లు ఆ తర్వాత ఎక్కడికెళ్లి ఎవరికి నేర్పారు అన్నది. ఆ వరస పట్టుకుంటే రాయడానికి చోటు చాలదు.

ఇది నాకు బాగా అర్థమైంది అమెరికాలో. మా అమ్మాయి వాళ్లుండే హార్ట్‌ఫర్డ్ నుంచి, బాస్కెట్‌బాల్ పుట్టిన స్ప్రింగ్‌ఫీల్డ్‌కి కారులో అరగంట. వాలీబాల్ పుట్టిందీ ఆ పక్కనే. వాలీబాల్ ఆడి, ఆడించి బతికినవాణ్ని, అంత దగ్గరికి వెళ్లి చూడకుండా రావడానికి మనసొప్పలేదు. మా అల్లుడు నదీతీరంలో ఉన్న బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ (ఆ ఆటలో గొప్పవాళ్లని గౌరవించే మ్యూజియం) చూపిస్తే చాలనుకున్నాడు. నేను మాత్రం ఆ ఆట పుట్టిన కాలేజీ కూడా చూడాల్సిందేనని పట్టుబట్టాను.

స్ప్రింగ్‌ఫీల్డ్ కాలేజీ ఈనాటికీ చిన్నదే. 1891లో అయితే అది వైఎంసీఏలకు (క్రైస్తవ యువజన సంఘాలకు) పనివాళ్లను తయారుచేసే శిక్షణ పాఠశాల. వ్యాయామశాఖ పెద్ద లూథర్ గ్యులిక్. చలికాలంలో బయట ఆడే వీల్లేక, లోపల డ్రిల్లు చేసీ చేసీ విసిగిపోయిన ఒక క్లాసు ఉండేది. అప్పటికే ఇద్దరు మాస్టార్లు ఆ క్లాసుతో వేగలేక చేతులెత్తేశారు. గ్యులిక్ దాన్ని జేమ్స్ నైస్మిత్ అనే కెనడా కుర్రాడికి అప్పజెప్పి, 14 రోజుల్లో లోపల ఆడుకునే ఆట ఏదైనా తయారుచెయ్యమన్నాడు. నైస్మిత్ ఒక్కో ఆటనీ నాలుగ్గోడల మధ్యకి తెచ్చి చూశాడు, ఏదీ కుదర్లేదు. చివరికి జిమ్ చూసుకునే జానిటర్‌ని రెండు పెట్టెలు ఇమ్మని అడిగితే, పెట్టెలు లేవు గానీ పీచ్ పళ్ల బుట్టలున్నాయని తెచ్చి ఇచ్చాడట. వాటిని బాల్కనీ రెయిలింగుకి మేకులతో కొట్టారు. ఆ బాల్కనీ 10 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి ఈ రోజుకీ బాస్కెట్ రింగు 10 అడుగులే! 13 రూల్సు టైపు చేయించి నోటీసు బోర్డు మీద పెట్టాడు. క్లాసులో 18 మంది, అటు తొమ్మిది, ఇటు తొమ్మిది. ఆట మొత్తానికి పడింది ఒకే ఒక్క గోలు, వేసినవాడు విలియం చేజ్. ఆటకి నైస్మిత్ బాల్ అని పేరు పెడదామన్న ఫ్రాంక్ మహాన్‌ని నైస్మిత్ నవ్వేసి ఊరుకోమన్నాడు. అయితే బాస్కెట్ బాల్ అందాం అన్నదీ ఆ మహానే. అంతకుముందు క్లాసులో అందరికంటే ఎక్కువ అల్లరి పెట్టింది కూడా అతనేనంటారు. పీడీ పని చేసిన ఎవరికైనా ఇది చదివితే నవ్వొస్తుంది. ప్రతి బ్యాచ్‌లోనూ అలాంటివాడు ఒకడుంటాడు, వాణ్ని మన వైపు తిప్పుకుంటే సగం పని అయిపోయినట్టే.

మీ సావనీరుకి పనికొచ్చేది ఇక్కడుంది. నైస్మిత్ ఆ తర్వాత కాన్సస్ యూనివర్సిటీకి వెళ్లి అక్కడ జట్టుకి కోచ్‌గా చేశాడు. గెలిచినవి 55, ఓడినవి 60. ఆ యూనివర్సిటీ పురుషుల బాస్కెట్‌బాల్ కోచ్‌లలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువ ఉన్నవాడు, ఆ ఆటని కనిపెట్టినవాడు ఒక్కడే. కప్పుల లెక్క చూస్తే ఆయనకి సావనీరులో అర పేజీ కూడా దక్కదు. కానీ ఆయన దగ్గర ఆడిన ఫాగ్ ఆలెన్ అదే కాన్సస్‌లో పెద్ద కోచ్ అయ్యాడు. ఆలెన్ దగ్గర ఆడిన అడాల్ఫ్ రప్ కెంటకీలో 876, డీన్ స్మిత్ నార్త్ కరొలైనాలో 879 ఆటలు గెలిపించారు.

జాన్ మెక్‌లెండన్ సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. 1930లలో కాన్సస్‌లో చదివాడు. నల్లజాతి కుర్రాడు కాబట్టి యూనివర్సిటీ జట్టులో ఆడనివ్వలేదు. నైస్మిత్ అతన్ని దగ్గర పెట్టుకుని కోచింగ్ నేర్పించాడు. అతనే ఆ తర్వాత టెనసీ ఎ అండ్ ఐ అనే కాలేజీ జట్టుని 1957, 58, 59 మూడేళ్లు వరసగా చిన్న కాలేజీల జాతీయ ఛాంపియన్‌గా నిలబెట్టాడు. జట్టులో ఒక్క ఆట ఆడనివ్వని మనిషిని హాల్ ఆఫ్ ఫేమ్ రెండుసార్లు గౌరవించింది. మీ కాలేజీలో కూడా ఏదో ఒక కారణంతో జట్టులోకి రాకుండా ఆగిపోయి, తర్వాత పది మందికి ఆట నేర్పినవాళ్లు ఉంటారు. వెతకండి, తప్పక దొరుకుతారు.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నైస్మిత్‌తో పాటు ఎమోస్ అలాంజో స్టాగ్ కూడా ఉండేవాడు. 1890లో అక్కడ ఫుట్‌బాల్ జట్టు (వాళ్ల ఫుట్‌బాల్, మనది కాదు) పెట్టింది అతనే. మధ్యలో ఆడింది నైస్మిత్. చెవులు నలిగిపోతున్నాయని తలకి గుడ్డ చుట్టుకుని ఆడేవాడట. 1892 మార్చిలో మాస్టార్లకీ విద్యార్థులకీ మధ్య బాస్కెట్‌బాల్ ఆట పెడితే విద్యార్థులు 5-1తో గెలిచారు. మాస్టార్ల వైపు పడిన ఆ ఒక్క గోలు స్టాగ్‌ది. తర్వాత షికాగోలో నలభై ఏళ్లు కోచ్‌గా చేశాడు. వయసైపోయిందని 70 ఏళ్లకి పంపించేస్తే, పసిఫిక్ అనే చిన్న కాలేజీకి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు. 102 ఏళ్లు బతికాడు. మన దగ్గర రిటైరయ్యాక కూడా పొద్దున్నే గ్రౌండుకి వచ్చేసే పీడీలు నాకు కొందరు తెలుసు. స్టాగ్ గురించి చదివినప్పుడు వాళ్లే గుర్తొచ్చారు.

నాకు మాత్రం వీళ్లందరికంటే విలియం మోర్గాన్ ముఖ్యం. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివి, పక్కనే ఉన్న హోలియోక్ వైఎంసీఏలో చేరాడు. అక్కడికొచ్చే వ్యాపారస్తులకి బాస్కెట్‌బాల్ ఆడితే ఆయాసం వచ్చేది. వాళ్లకోసం 1895లో ఆరున్నర అడుగుల ఎత్తున నెట్ కట్టి, చేతులతో బంతిని అటూ ఇటూ కొట్టే ఆట ఒకటి పెట్టాడు. మొదట్లో దాని పేరు మింటొనెట్. బాస్కెట్‌బాల్ లోపలి బ్లాడర్ ఒక్కటే తీసి ఆడి చూస్తే మరీ తేలిపోయింది, బంతితో ఆడితే మరీ బరువైంది. చివరికి స్పాల్డింగ్ కంపెనీ చేత కొత్త బంతి చేయించాడు. 1896లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ప్రదర్శించినప్పుడు ఒక మాస్టారు చూసి వాలీబాల్ అంటే బావుంటుందన్నాడు. మధ్య వయసు పొట్టలకోసం పుట్టిన ఆట అది. ఈ రోజు మా ఊళ్లలో సంక్రాంతి టోర్నమెంట్లలో షూటర్ గాల్లోకి లేచి కొట్టే స్మాష్ చూస్తే మోర్గాన్ ఏమనుకునేవాడో!

ఇది అమెరికా సంగతి, మనకేంటి అంటారేమో. ఆ కాలేజీలోనే చదువుకున్న హెచ్.సి. బక్ మద్రాసు వచ్చి, 1920లో వైఎంసీఏ ఫిజికల్ ఎడ్యుకేషన్ కాలేజీ పెట్టాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కి భారత జట్టుని తీసుకెళ్లింది ఆయనే. 1943లో చనిపోయేదాకా ఆయన పనంతా ఆ కాలేజీతోనే. మన కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. హైస్కూళ్లలో పాతతరం డ్రిల్లు మాస్టార్లు ఎందరో నందనంలోని ఆ కాలేజీ గ్రౌండులో తర్ఫీదు పొంది వచ్చినవాళ్లే. నాకు వాలీబాల్ పట్టుకోవడం నేర్పిన మాస్టారు కూడా అక్కడే చదివారు. అంటే స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి బక్, బక్ కాలేజీ నుంచి మా మాస్టారు, మా మాస్టారి నుంచి నేను. హోలియోక్‌లో వాలీబాల్ హాల్ ఆఫ్ ఫేమ్ చూస్తున్నంతసేపూ నేను ఈ లెక్కే వేసుకుంటూ ఉన్నాను. మా అల్లుడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు, పాపం.

పెద్ద పేరు కావాలనుకుంటే మనకూ ఉన్నాయి. వాలీబాల్‌లో ఎ. రమణారావు గారికి 1990లో కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు వచ్చింది. హైదరాబాద్ రహీం సాబ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టుని నాలుగో స్థానం దాకా తీసుకెళ్లారు, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం తెచ్చిపెట్టారు. ఆయన అసలు వృత్తి బడిపంతులు. కానీ ఇలాంటి పేర్లకీ మీ కాలేజీకీ సంబంధం లేకపోతే లాక్కొచ్చి పెట్టకండి. చదివేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

ఇక మీరు పని ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. ప్రిన్సిపాల్ రూములో పాత సావనీర్లు ఉంటాయి, వాటిని నమ్ముకోవద్దు. మాకు దొరికిన పాత సావనీరులో కరస్పాండెంట్ల ఫొటోలు నిండుగా ఉన్నాయి, ఒక్క పీడీ పేరూ లేదు. మాకు అసలు ఆధారం దొరికింది స్పోర్ట్స్ గది స్టాక్ రిజిస్టర్‌లో. అంచులు చెదలు తినేసిన పొడుగాటి పుస్తకం. వాలీబాల్ లెదర్ బంతులు, బ్లాడర్లు, లేసు, కొబ్బరి తాడు, సున్నం బస్తా అని నీలం సిరాతో రాసి, ప్రతి వరస చివరా సంతకం ఉంది. కొన్నేళ్లపాటు బంతులు కొన్న పద్దే లేదు, బ్లాడర్లూ ప్యాచీలే. పాత బంతుల్నే కుట్టించుకుంటూ జట్టుని నడిపారన్నమాట. ఆ సంతకం ఎవరిదో స్టాఫులో ఎవరికీ తెలియలేదు. గ్రౌండులో మార్కర్‌గా (గీతలు గీసే పని) చేసి రిటైరైన పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే చూడగానే పేరు చెప్పేశాడు. ఆ సారు సైకిలు వెనక నెట్ కట్టుకుని పక్క ఊరి కాలేజీకి మ్యాచులకి వెళ్లేవారని, గెలిస్తే పిల్లలకి పెసరట్లు తినిపించేవారని అదీ ఇదీ చాలా చెప్పాడు. ఆ సారు దగ్గర ఆడినవాళ్లలో ఒకాయన జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీ అయ్యారు, ఆయన శిష్యులు యూనివర్సిటీ జట్టుకి ఆడారు. మా వ్యాసంలో అందరూ చదివింది ఆ భాగమే.

గ్రూప్ ఫొటోల్లో ముందు వరస మధ్యలో పలక పెట్టి ఏడాది రాసేవాళ్లు కదా, అది మీకు తేదీలు చెప్తుంది. మొహాలకి పేర్లు మాత్రం మార్కర్లు, అటెండర్లు, పాత విద్యార్థులు చెప్పాల్సిందే. ఇద్దరు వేర్వేరుగా ఒకే పేరు చెప్తేనే రాయండి. ఇంటర్ యూనివర్సిటీకి ఆడామని చెప్పేవాళ్ల దగ్గర సర్టిఫికెట్ చూపించమని మొహమాటం లేకుండా అడగండి. జ్ఞాపకంలో స్టాండ్‌బైలు మెల్లగా కెప్టెన్లు అయిపోతుంటారు.

అమ్మాయిల జట్టు గురించి మీరు ప్రత్యేకంగా వెతక్కపోతే అది వ్యాసంలోకి రాదు. పెళ్లయ్యాక ఇంటిపేర్లు మారతాయి, ఊళ్లు మారతాయి. స్ప్రింగ్‌ఫీల్డ్‌కి దగ్గర్లోనే స్మిత్ అనే అమ్మాయిల కాలేజీ ఉంది. నైస్మిత్ ఆట పుట్టిన కొద్దికాలానికే అక్కడ సెండా బెరెన్సన్ అనే టీచరమ్మ దాన్ని అమ్మాయిలతో ఆడించింది. ఆవిణ్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకోవడానికి 1985 దాకా పట్టింది! మీరు అంతకాలం ఆగకుండా, పాత లేడీ లెక్చరర్లకి ఫోన్లు చెయ్యండి. ఎవరు ఎక్కడున్నారో వాళ్లకే తెలుస్తుంది.

చివరగా, ఫొటోల విషయంలో ఒక జాగ్రత్త. ఇళ్ల నుంచి తెచ్చిన ఫొటోని అదే రోజు స్కాన్ చేయించి, వెనక పెన్సిల్‌తో పేర్లు రాసి, మీరే స్వయంగా వెళ్లి తిరిగిచ్చెయ్యండి. ఒక్క ఫొటో పోయిందన్న మాట ఊళ్లో పాకిందంటే ఆ తర్వాత మీకు ఎవరూ బీరువా తాళం తియ్యరు.