పక్కవాడు అన్నిట్లో ముందుంటే మనవాడికేం మిగులుతుంది?

ప్రశ్న: మాది గుంటూరు. మావారికి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. బాబు ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ఎకనామిక్స్ చదివి ఎగుమతుల వైపు వెళ్తానంటాడు. రోజూ తేజ రకం రేటు నోటుబుక్కులో రాసుకుంటాడు. మా తోడికోడలి కొడుకు లెక్కల్లో, ఇంగ్లీషులో వీడికంటే ముందే, సీఎస్‌ఈలో చేరాడు. వీడు అన్నిట్లో వెనకే. సీఎస్‌ఈ ఏఐ మంచిదా, ఎకనామిక్సా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సుల గురించే అయినా మీ భయమంతా ‘అన్నిట్లో వెనకే’ అన్న మాటలో ఉంది. దానికి మీవాడు చదవాలనుకుంటున్న ఎకనామిక్స్‌లోనే జవాబుంది.

1817లో డేవిడ్ రికార్డో అనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త ఊహించి వేసిన లెక్క ఇది. కొంత బట్టకు ఇంగ్లండ్‌లో ఏడాదికి 100 మంది, కొంత వైన్‌కు 120 మంది కావాలి. పోర్చుగల్‌లో అదే బట్టకు 90, అదే వైన్‌కు 80 మంది చాలు. రెండింట్లోనూ పోర్చుగల్‌దే పైచేయి. దీన్నే అబ్సొల్యూట్ అడ్వాంటేజ్ అంటారు. మరి ఇంగ్లండ్ చేతులు ముడుచుకోవాలా? బట్ట నేయడానికి ఎవరు ఎంత వైన్ వదులుకుంటున్నారో చూడండి. పోర్చుగల్ 90 మందిని బట్టకు పెడితే, 80 మంది చేసే వైన్ కంటే ఎక్కువే పోతుంది. ఇంగ్లండ్ 100 మందిని పెట్టినా, 120 మంది చేసే వైన్‌లో ఆరింట ఐదు వంతులే పోతుంది. అందుకే ఇంగ్లండ్ బట్ట నేసి, పోర్చుగల్ వైన్ చేసి, మార్చుకుంటే ఇద్దరికీ లాభమే. ఇదీ కంపారిటివ్ అడ్వాంటేజ్. రెండింట్లోనూ వెనకున్న దేశానికి కూడా చేతినిండా పని ఉంటుంది.

తోడికోడలి కొడుకు ఎంత ముందున్నాడన్నది మీవాడి దారిని తేల్చదు. సీఎస్‌ఈలో కూర్చుంటే వీడు ఏం వదులుకుంటాడన్నది అడగండి. పిల్లాడి ఎదుట ఆ పోలిక తేవడం ముందు మానండి. కోపం వచ్చినా సరే, చెప్పక తప్పదు. మీరు రాసిన ఉత్తరంలో వాడి చదువు కంటే అవతలి అబ్బాయి చదువే ఎక్కువ కనిపించింది.

సీఎస్‌ఈ ఏఐ మీద నాకున్న అనుమానం కూడా చెప్తాను. బ్రాంచి పేరు కొత్తది, మొదటి రెండేళ్ల సబ్జెక్టులు మాత్రం చాలావరకు మామూలు సీఎస్‌ఈవే. వీధికి నలుగురు అదే నేర్చుకుంటున్నప్పుడు, ఇష్టం లేకుండా చేరినవాడికి మంచి ఉద్యోగం దొరకడం కష్టం. ఇష్టంగా రాత్రిళ్లు కోడింగ్ చేసేవాడైతే నిరభ్యంతరంగా చేరమంటాను. మీవాడు రాత్రిళ్లు మిర్చి రేటు రాసుకుంటున్నాడు.

అలాగని ఉత్త బీఏ పట్టాతో ఎగుమతుల్లో ఉద్యోగం వచ్చిపడదు. ఎంఏ చేయాలి, స్టాటిస్టిక్స్ గట్టిగా రావాలి, సరుకు తెలియాలి. మిర్చిలో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) మోతాదు మించితే కంటైనర్ వెనక్కి వచ్చేయొచ్చు, ఆ పరీక్షలు చేసే స్పైసెస్ బోర్డు ల్యాబ్ మీ ఊళ్లోనే ఉంది. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయమూ గుంటూరులోనే. కాకినాడలో విదేశీ వ్యాపారం నేర్పే ఐఐఎఫ్‌టీ క్యాంపస్ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎకనామిక్స్‌కు ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది, ఎంపీసీ వాళ్లూ వెళ్లొచ్చు. ఢిల్లీ యూనివర్సిటీ ఎకనామిక్స్ ఆనర్స్‌కు సీయూఈటీ ప్రవేశ పరీక్షలో మాథ్స్ తప్పనిసరి, కాబట్టి ఎంపీసీ వృథా కాలేదు.

ఈ ఆదివారం ఆ నోటుబుక్కు తీసి, రేటు ఎందుకు పడిందో వాడినే చెప్పమనండి. మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టండి.