ఆఫీసుకు సైకిల్ మీద వెళ్తానన్న స్రవంతికి

సూర్యాపేట

చి. స్రవంతికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వు ఇకమీదట మణికొండ నుంచి నానక్‌రామ్‌గూడలోని ఆఫీసుకు సైకిల్ మీదే వెళ్ళాలని నిశ్చయించుకున్నావనీ, సైకిల్ కొనడం కూడా అయిపోయిందనీ నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెప్పడం కాదు, ఫిర్యాదు చేసింది. "మీ మాటయితే వింటుంది, మీరే వద్దనండి బావగారూ" అన్నది. నేను వద్దనడం లేదు. వద్దంటే నువ్వు మానవని తెలియడం ఒక కారణం. మన ఇంటి ఆడపిల్ల ఎవరి బండి వెనకా కూర్చోకుండా తన కాళ్ళ బలంతో ఉద్యోగానికి వెళ్తుందని విన్నప్పుడు నాకు లోలోపల గర్వం కలగడం అసలు కారణం. అయినా రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఉద్యోగమంతా సిటీ బస్సు స్టీరింగు ముందు గడిపినవాణ్ణి కనుక, సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు డ్రైవరు కంటికి ఎక్కడ కనిపిస్తారో, ఎక్కడ కనిపించకుండా పోతారో నాకు తెలిసినట్లు నీకు సైకిల్ అమ్మిన దుకాణదారుకు తెలియదు.

హెల్మెట్, బ్రేకులు, బెల్లు, ముందొక తెల్ల లైటు, వెనకొక ఎర్ర లైటు: వీటి గురించి నీకు ఎవరూ చెప్పనక్కరలేదు. చెవుల్లో పాటలు పెట్టుకుని తొక్కావని తెలిసిన రోజున మాత్రం ఆ సైకిల్ నేనే తెచ్చి ఇక్కడి పాలవాడికి ఇచ్చేస్తాను.

ఔటర్ రింగు రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ ఉంది కదా అని మీ అమ్మను సమాధానపరిచావట. ఆ ట్రాక్ మంచిదే. 2023 అక్టోబరు 1న తెరిచారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఒకటి, రెండూ కలిసి 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల నీడ కూడా ఉంది. ఆదివారం ఉదయం నీ స్నేహితురాళ్ళతో అక్కడ ఎంతసేపు తిరిగినా నేనేమీ అనను. కానీ మీ ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గేటు దాకా ఉన్నది ఆ దారి కాదు. అటు వైపు పని రోజు ఉదయం రోడ్డంతా నీటి ట్యాంకర్లు, రెడీమిక్స్ లారీలు, టిప్పర్లు, స్కూలు బస్సులు, వేళకు చేరాలని తొందరపడే క్యాబ్‌లు. నా భయమంతా వాటిలో పొడవైన వాటి గురించే, అందులోనూ వాటి ఎడమ పక్క గురించే.

మీ నాన్న ఎడమ మణికట్టు పూర్తిగా తిరగదని నీకు తెలుసు. చెట్టు మీంచి పడ్డానని నీకు చెప్పి ఉంటాడు. అది నిజం కాదు. 1988లో వాడు బాలానగర్‌లో ఒక వర్క్‌షాపుకు సైకిల్ మీద వెళ్ళేవాడు. ఒక ఉదయం చౌరస్తా దగ్గర ఇనుప కడ్డీల లోడుతో ఒక లారీ ఆగి ఉంది. దానికీ ఫుట్‌పాత్‌కూ మధ్య సందు ఉంది. లారీ కదిలి కొద్దిగా కుడికి జరిగింది, దాంతో ఆ సందు ఇంకా వెడల్పయింది. అదే సమయంలో క్లీనరు ఎడమ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు. లారీ కుడికి వెళ్తున్నదనీ, క్లీనరు తనను ముందుకు పొమ్మంటున్నాడనీ మీ నాన్న అనుకున్నాడు. వాడు తప్పు చేసింది అక్కడే. పొడవైన బండి ఎడమకు తిరగాలంటే ముందు కుడికి జరిగి, ఆ తరువాతే ఎడమకు కోస్తుంది. ఆ చెయ్యి "ఆగు, మేము ఇటు తిరుగుతున్నాం" అని చెబుతోంది. మీ నాన్న నాలుగు తొక్కులు తొక్కి సరిగ్గా ఆ సందు మధ్యకు చేరేసరికి లారీ ముందు భాగం ఎడమకు తిరిగింది. ముందు చక్రం వాణ్ణి తప్పించుకునే వెళ్ళింది. కానీ మలుపులో ముందు చక్రం వెళ్ళిన దారిలో వెనక చక్రం వెళ్ళదమ్మా, అది మలుపు లోపలికి జరుగుతూ వస్తుంది. సందు మూసుకుపోతుంటే వాడు ఫుట్‌పాత్ మీదికి దూకబోయాడు. చెయ్యి కిందపడి నలిగింది కానీ మనిషి బయటపడ్డాడు. సైకిల్ అప్పడంలా అయిపోయింది. టిఫిను క్యారియర్ మాత్రం ఎటో ఎగిరిపడి సొట్ట అయినా పడకుండా దొరికింది. మీ నాన్నమ్మ దాన్ని మళ్ళీ వాడనివ్వలేదు.

నేను డ్యూటీ దిగి ఆసుపత్రికి వెళ్ళేసరికి లారీ డ్రైవరు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పారిపోలేదు, ఆటోలో తీసుకొచ్చినవాడు అతనే. నన్ను చూసి లేచి నిలబడి, "నాకు కనపడలేదన్నా" అని ఒకటే మాట పదే పదే అన్నాడు. మా అమ్మ అతన్ని నోటికి వచ్చినట్లు తిడుతోంది. అతను చెబుతున్నది నిజమని నాకు తెలుసు, ఎందుకంటే రోజూ నేను కూర్చునే సీటు కూడా అలాంటిదే. కన్నతల్లితో ఆ మాట అప్పుడు ఎలా చెప్పగలను?

నీతో చెబుతున్నాను. డ్రైవరు కుడి పక్కన, ఎత్తు మీద కూర్చుంటాడు. ఎడమ పక్కన బండిని ఆనుకుని ఉన్న సైకిలు అతనికి అద్దంలో ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది, ముందు తలుపు కిందికి వచ్చిందంటే అసలే కనిపించదు. మా కాలపు బస్సులో కండక్టరు వెనక నుంచి చూసి "రైట్ రైట్" అనో, "హోల్డాన్" అనో అరిచేవాడు కనుక మాకు రెండో జత కళ్ళు ఉండేవి. నీ దారిలోని ట్యాంకరు డ్రైవరుకు చాలాసార్లు ఆ మనిషి కూడా ఉండడు. కాబట్టి సిగ్నలు దగ్గర బస్సు గానీ లారీ గానీ నీకంటే ముందుగా వచ్చి ఆగి ఉంటే, దాని ఎడమ సందులో నుంచి ముందుకు పోవద్దు, వెనకే నిలబడు. ఆ బండి ఇండికేటరు వేసిందా లేదా అని చూడవద్దు, వేయకుండానే తిరుగుతుందని అనుకో. క్లీనరు చేతి సైగనూ, కారువాడి తల ఊపునూ నీకు ఇచ్చిన అనుమతిగా తీసుకోవద్దు. నువ్వే ముందు వచ్చి ఉంటే గీత దగ్గర, డ్రైవరు కళ్ళకు ఎదురుగా, అతని ముఖం నీకు కనిపించే చోట నిలబడు. స్టాపు నుంచి బస్సు కుడికి బయలుదేరేటప్పుడు దాని తోక ఎడమకు ఊగుతుంది, అప్పుడు దాని వెనక మూలకు దగ్గరగా ఉండవద్దు.

నేరుగా వెళ్ళాల్సిన చోట ఎడమ అంచున ఆగితే, సిగ్నలు కోసం ఆగకుండా ఎడమకు తిరిగే ఫ్రీ లెఫ్ట్ వాళ్ళు వెనక నుంచి హారన్లతో తరుముతారు. అదిరిపోయి కదలకు. తొక్కుకుంటూ వెళ్ళేటప్పుడు కూడా రోడ్డు అంచును మరీ అంటిపెట్టుకుని పోవద్దు. అక్కడ ఇసుక, డ్రైనేజీ మూతలు, ఉన్నట్టుండి ఆగే ఆటోలు ఉంటాయి. పైగా నువ్వు ఎంత అంచుకు జరిగితే వెనక డ్రైవరుకు అంత చోటు ఉన్నట్లు అనిపించి నిన్ను రాసుకుంటూ దాటేస్తాడు. ఈ మాట దాటినవాడిగా చెబుతున్నాను. అంచుకు ఒక మీటరు ఇవతల, వంకర టింకర లేకుండా తొక్కు. వానకు నిలిచిన నీళ్ళలోకి మాత్రం దిగవద్దు, దాని కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో ఎవరికీ తెలియదు.

ఆగిన కార్ల పక్కగా వెళ్ళేటప్పుడు ఒక తలుపు వెడల్పు దూరం వదులు. వెనక అద్దంలోంచి డ్రైవరు సీటులో తల కనిపిస్తే ఆ తలుపు తెరుచుకోబోతున్నదనే లెక్క. మీ ఆఫీసుల ముందు క్యాబ్ దిగేవాళ్ళు ఫోను చూసుకుంటూ ఎడమ తలుపు తీస్తారు, కనుక ఆగిన క్యాబ్‌కూ ఫుట్‌పాత్‌కూ మధ్య సందులోకి కూడా దూరవద్దు. నువ్వు కారు దిగేటప్పుడు దూరపు చేత్తో తలుపు తెరిచే అలవాటు చేసుకుంటే ఒళ్ళు దానంతట అదే వెనక్కి తిరుగుతుంది, వచ్చేవాళ్ళు కనిపిస్తారు. రాంగ్ రూట్‌లో బైకు ఎదురొస్తే ఠక్కున కుడికి తప్పుకోవద్దు, నీ వెనక ఏముందో నీకు తెలియదు. వేగం తగ్గించి ఆగిపో, వాడే నిన్ను తప్పించుకుని పోతాడు. ఫ్లైఓవరు దిగే చోట పై నుంచి వచ్చేవాళ్ళు ఎడమకు పోవాలని నీ ముందుకు అడ్డంగా కోస్తారు. అక్కడ భుజం మీదుగా వెనక్కి చూడకుండా ముందుకు వెళ్ళవద్దు.

ఇక నీ కోపం గురించి. మీ నాన్నమ్మ నోరు నీకు వచ్చిందని ఇంట్లో అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. రోడ్డు మీద అది ముచ్చట కాదు. నిన్ను రాసుకుంటూ పోయిన కారును సిగ్నలు దగ్గర అందుకుని బానెట్ మీద చరచాలనిపిస్తుంది. చరచకు. న్యాయం నీ వైపే ఉంటుంది, కానీ సిగ్నలు పడగానే అవమానపడినవాడు ఒక బండి మీద, నువ్వు మరొక బండి మీద ఒకే దిక్కుకు వెళ్ళాలి. ఆ కారు నీ వెనకే వస్తుంది. నంబరు గుర్తుపెట్టుకో, పక్కకు జరిగి వాణ్ణి ముందుకు పోనివ్వు, తరువాత తీరికగా ఫిర్యాదు ఇవ్వు. ఆడపిల్లవని అణగమంటున్నానని అనుకోకు. మీ నాన్నకైనా ఇదే చెప్పేవాణ్ణి, వాడు మళ్ళీ సైకిల్ ఎక్కి ఉంటే.

దేవుడి దయవల్ల నీకు అవసరం రాకూడదు కానీ తెలిసి ఉండాలి. పడితే వెంటనే లేవకు, ఎవరైనా లేపబోయినా ఆగమని చెప్పు. 108కి ఫోన్ చేయించు. వాహనం నంబరు ఫోటో తీయించు. అక్కడికక్కడే వెయ్యో రెండు వేలో చేతిలో పెట్టి సర్దేసుకుందామనేవాళ్ళ మాట వినకు, లోపలి దెబ్బ సాయంత్రానికి గానీ బయటపడదు. 2025లో కేంద్రం తెచ్చిన పథకంలో వాహన ప్రమాదాల్లో గాయపడినవారికి గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స ఉంది. గుద్దినవాడు ఎవరో తెలియకుండా పోతే తీవ్ర గాయానికి ప్రభుత్వం 50,000 రూపాయల పరిహారం ఇస్తుంది. దాని పక్కన ఉన్న మరో అంకెను నీ ఉత్తరంలో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

గురువారం రాత్రికి మీ అమ్మావాళ్ళ ఇంటికి చేరతాను. శుక్రవారం ఉదయం నీ దగ్గరకు వస్తాను. సెలవు రోజు రోడ్డు వేరు, పని రోజు రోడ్డు వేరు కనుక శుక్రవారమే కావాలి. నువ్వు సైకిల్ మీద ముందు వెళ్ళు, నేను ఆటోలో వెనక వస్తాను. నవ్వకు. ఏ మలుపులో ట్యాంకర్లు తిరుగుతాయో, ఏ దుకాణం ముందు కార్లు అడ్డదిడ్డంగా ఆపుతారో చూసి, అవసరమైతే రెండు సందులు ఎక్కువైనా వేరే దారి చూద్దాం. మీ అమ్మతో నేను మాట్లాడతాను. మీ నాన్నతో నువ్వే మాట్లాడు.

ఇట్లు,
మీ పెదనాన్న