ముందు మెట్లదారి చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ ఆఫీసులో అగ్నిప్రమాద భద్రత బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సేఫ్టీ ఆఫీసరుగా పనిచేసి రిటైరైన వాణ్ణి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇలాంటి బాధ్యత అందగానే ఎవరైనా ముందు మంటలార్పే ఎర్ర సిలిండర్లు కొనడానికి బయలుదేరతారు. నువ్వు మాత్రం ముందు మెట్లదారి చూడు.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సు ప్రమాదంలో చనిపోయిన ఆరుగురు యువతీయువకులూ పొగకు ఊపిరాడకనే పోయారు. అంతకు ఏడాది ముందు బోయిగూడ తుక్కు గోదాము పైఅంతస్తులో నిద్రిస్తున్న 11 మంది బీహార్ కూలీలు బలయ్యారు. వాళ్ళు దిగివచ్చే ఇరుకు మెట్లు మంటలున్న గోదాములోకే దిగుతాయి.

అందుచేత పైఅంతస్తు నుంచి వీధి వరకు ప్రతి మెట్లదారినీ నువ్వే స్వయంగా నడిచి చూడాలి. మలుపుల్లో పేర్చిన అట్టపెట్టెలు, విరిగిన కుర్చీలు, దొంగల భయంతో వెనక తలుపుకు వేసిన తాళం, గాలి ఆడటం కోసం మెట్లగది తలుపుకు అడ్డంపెట్టిన ఇటుక నీకు తప్పక కనిపిస్తాయి. ఆ తలుపు మూసి ఉంటేనే పొగ మెట్లలోకి రాకుండా ఆగుతుంది. కార్డు చూపితే తెరుచుకునే తలుపులు కరెంటు పోయినప్పుడు వాటంతటవే తెరుచుకుంటాయో లేదో మెయిన్ ఆపించి పరీక్షించు. తప్పించుకునే మార్గాలు కార్మికులందరికీ తెలిసి ఉండాలని, వారికి తగిన శిక్షణ ఇవ్వాలని 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 38వ సెక్షనే చెప్పింది. మనది ఫ్యాక్టరీ కాదు కదా అని మీ యజమాని అంటే, ఆఫీసులోనూ మనుషులే ఉన్నారని మర్యాదగా చెప్పు.

సిలిండర్ల విషయం క్లుప్తంగా చెబుతాను. కరెంటు పలక అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. మెయిన్ ఆపి కార్బన్ డయాక్సైడు వాడాలి. దానికి పీడనం చూపే ముల్లు ఉండదు కనుక తూకం వేసి చూస్తేనే నిండుగా ఉందో లేదో తెలుస్తుంది. మంట చిన్నదై, బయటికి దారి మన వెనక ఉన్నప్పుడే ఆర్పడానికి పూనుకోవాలి.

డ్రిల్లు, అంటే తప్పించుకునే సాధన, చేయించేటప్పుడు ఒక మెట్లదారిని కావాలని మూసి, రెండో దారి ఎంతమందికి తెలుసో చూడు. కింద గుమిగూడే చోట పేర్లు పిలిచేటప్పుడు టీ అందించే కుర్రవాణ్ణి, ఊడ్చే ఆవిణ్ణి, ఆ రోజు వచ్చిన అతిథులను కూడా లెక్కలో చేర్చాలి. మెట్లు దిగలేని వారికి ఇద్దరేసి సహోద్యోగులను ముందే కేటాయించు. లిఫ్టు ఎవరూ ఎక్కరాదు. అన్నిటికన్నా కష్టమైనది మరొకటి ఉంది: పొగ కనబడగానే మేనేజరును అడగకుండా అలారం నొక్కి, 101కి ఫోను చేసే అధికారం అందరికీ ఉందని యజమాని చేత కాగితం మీద రాయించు. పైవారి అనుమతి కోసం ఎదురుచూసే అలవాటు మన ఆఫీసుల్లో చాలా గట్టిది.

సెల్లారులో ఎవరైనా ఎలక్ట్రిక్ స్కూటర్లకు ఛార్జింగు పెడుతుంటే, ఆ ఏర్పాటును మెట్లకు దూరంగా, ఆరుబయటికి ఈ వారమే మార్పించు.

ఇట్లు,
మీ మామయ్య