ట్యాంక్ క్లీనర్ చేపను చెరువులో వదలొచ్చా? ఒకసారి వదిలినవాడిగా నా జవాబు

అడుగు పొడవు పెరిగిన ట్యాంక్ క్లీనర్‌ని ఇంటి దగ్గరి చెరువులో వదిలేయొచ్చా అని అడిగారు. దయచేసి వదలకండి. నేను వదిలాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

2016లో చెన్నై కొళత్తూరులో అక్వేరియం కొన్నప్పుడు, అద్దానికి పట్టిన పాచి తినేస్తుందంటూ షాపువాళ్లు వేలెడంత చేపను కవర్లో వేసి ఇచ్చారు. రెండేళ్లలో మోచేయంత అయింది. పాచి మాట దేవుడెరుగు, నీళ్లు మురికయ్యేదే దానివల్ల. చంపడానికి మనసొప్పక ఒక ఆదివారం మా అబ్బాయితో కలిసి బకెట్లో తీసుకెళ్లి చెరువులో వదిలాను. వాడు టాటా కూడా చెప్పాడు. పుణ్యం చేశాననుకుని ఇంటికొచ్చాను.

2019 వేసవిలో చెన్నైకి నీళ్లిచ్చే చెరువులు ఎండిపోవడం మీకూ గుర్తుండే ఉంటుంది. మా చెరువూ అడుగంటింది. నీళ్లు తగ్గిన గట్టు పొడవునా చెయ్యి దూరేంత బొరియలు. ట్యాంక్ క్లీనర్ మగచేప తవ్వి, గుడ్లకు కాపలా కాసేది అందులోనేనట. అలా తవ్వితే మట్టి గుల్లబారి గట్టు జారుతుంది.

అక్కడే ఒక పెద్దాయన వల విడదీసుకుంటున్నాడు. పడినవాటిలో సగం ఈ చేపలే. ఒంటికి పొలుసులుండవు, ఎముక పలకలే. రెక్క ముల్లు నిక్కబొడిచిందంటే వల కన్నులోంచి రాదు. లాగి లాగి, చివరికి బ్లేడుతో వలే కోశాడు. "ఇది పడిందంటే వల పోయినట్టే తంబీ, కిలో పది రూపాయలకైనా ఎవరూ కొనరు" అన్నాడు. గట్టు మీద విసిరేసిన చేప ఎండలో నోరు తెరుస్తూ మూస్తూనే ఉంది. గాలి మింగి కడుపుతోనే ఊపిరి తీసుకోగలదు, గంటల తరబడి చావదు.

అవన్నీ నా చేప సంతానమని అనను, ఒక్కదానితో సంతానం కాదు. కానీ నాలాగే బకెట్లు పట్టుకొచ్చినవాళ్లు ఎంతమంది ఉండాలి!

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా నదులు. ఇక్కడ దాన్ని మింగబోయే పక్షికి గొంతులో ముళ్లు గుచ్చుకుంటాయి. అడుగున మేస్తూ మన చేపపిల్లల మేతను ఊడ్చేస్తుంది, గుడ్లూ వదలదు. మన కృష్ణా జిల్లా చేపల చెరువుల్లోనూ చేరింది, అక్కడ దెయ్యం చేప అంటున్నారు. ఆ పెద్దాయన బతుకుతెరువైన జిలేబీ చేప (తిలాపియా) కూడా 1952లో బయటి నుంచి మన దేశానికి తెచ్చిందే. అది కనీసం కూరకు పనికొచ్చింది. ఇలా బయటి నుంచి వచ్చి హాని చేసే జాతుల దిగుమతిని, అమ్మకాన్ని అదుపుచేసే అధికారం వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన 2022 సవరణతో కేంద్రానికి వచ్చింది. అయినా షాపుల్లో ఇది ఇప్పటికీ దొరుకుతోంది.

మీరు చేయగలిగింది ఇదీ. ముందు కొన్న షాపులోనే అడగండి, పెద్ద చేపల్ని వెనక్కి తీసుకునేవాళ్లు ఉంటారు. లేదంటే పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు ఇవ్వండి. అదీ కుదరకపోతే పశువైద్యుణ్ణి అడిగితే నొప్పి తెలియకుండా మత్తులోనే ప్రాణం పోయేలా చేస్తారు. చెరువు, కాలువ, వాననీటి డ్రెయిన్ మాత్రం వద్దు.

ఎవరూ తీసుకోకపోతే నాకు చెప్పండి. మా మేడ మీద సిమెంటు తొట్టి ఉంది, పక్కింటివాళ్ల ట్యాంక్ క్లీనర్ ఇప్పటికే అందులో ఉంది.