మా మల్లి వణికింది ఎండకు కాదు

"ఇంట్లో ఉన్న పమేరియన్ ఆడకుక్కను ఒక్కసారి క్రాసింగ్ చేయించి పిల్లల్ని అమ్ముకుంటే ఎంత మిగులుతుంది?" అని మీరు రాసి అడిగారు. డబ్బు లెక్క చివర్లో చెప్తాను, ముందు మా మల్లి సంగతి వినండి.

మాది కడప. మల్లి మూడున్నర కిలోల తెల్ల పమేరియన్. "ఆడజన్మ ఎత్తింది, ఒక్క ఈతైనా ఈననివ్వండి, లేకుంటే పాపం" అని మా అత్తమ్మ, పక్కింటివాళ్లు, చివరికి మందుల షాపాయన కూడా అన్నారు. ఈ మాట మీ చుట్టూ కూడా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నమ్మకండి. ఈనకపోతే కుక్కకు వచ్చే నష్టమేమీ లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే గర్భసంచిలో చీము పట్టే జబ్బు భయం పోతుంది. చిన్న వయసులోనే చేయిస్తే రొమ్ము గడ్డల భయం కూడా బాగా తగ్గుతుంది. ఇవన్నీ నాకు ఆలస్యంగా తెలిశాయి.

చూడితో ఉన్నన్నాళ్లూ మల్లికి రోజూ కాల్షియం టానిక్ పోశాను. డాక్టర్ చెప్పలేదు, మంచిదే కదా అని నేనే పోశాను. 63 రోజులకు నాలుగు పిల్లల్ని పెట్టింది. కాన్పు సులువుగా అయింది, అది మా అదృష్టం. చిన్న జాతుల్లో పిల్ల తల పెద్దది, తల్లికి దారి ఇరుకు. బలంగా ముక్కుతూ అరగంట గడిచినా పిల్ల రాకపోతే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే, చాలాసార్లు సిజేరియన్ దాకా పోతుంది.

మాకు గండం పిల్లలకు 20 రోజులు నిండాక వచ్చింది. మే నెల, రాత్రి పది. మల్లి నాలుక బయటపెట్టి రొప్పుతోంది, ఒళ్లంతా సన్నగా వణుకు. "ఏం కాదులేమ్మా, ఎండకు అట్లుంటుంది" అన్నారు అత్తమ్మ. మేమూ అదే అనుకుని తడిగుడ్డ కప్పి కూలర్ ముందు పడుకోబెట్టాం. గంట తిరిగేసరికి కాళ్లు కర్రల్లా బిగుసుకున్నాయి. పాలకు వచ్చిన పిల్లల్ని తోసేసింది.

ఊళ్లో తెలిసిన ఇద్దరు డాక్టర్లకు చేస్తే ఫోన్ ఎత్తలేదు. ప్రొద్దుటూరులో ఒకాయన ఎత్తారు. "ఈని ఎన్ని రోజులైందమ్మా?" అని ఒక్కటే అడిగారు. ఇరవై అనగానే, "అది ఎండ కాదు, కాల్షియం పడిపోయింది. పిల్లల్ని వేరు చేసి వెంటనే బయల్దేరండి" అన్నారు.

చెన్నూరు దగ్గర పెన్న వంతెన మీద ఉండగానే ఫిట్స్ వచ్చాయి. ఖాజీపేట, మైదుకూరు ఎప్పుడు దాటామో నాకు తెలీదు. ఒళ్లో దాని ఒళ్లు కాలిపోతోంది. అక్కడికి వెళ్లి చూస్తే 106 డిగ్రీల జ్వరం. డాక్టర్ గుండె మీంచి స్టెతస్కోప్ తీయకుండా కాల్షియం నరంలోకి కొంచెం కొంచెంగా ఎక్కించారు. తొందరపడితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉందట. పావుగంటకు వణుకు తగ్గింది. ఇంకాసేపటికి తల ఎత్తి నా చేయి నాకింది.

టానిక్ సంగతి చెబితే ఆయన తల పట్టుకున్నారు. పాలలోకి పోయే కాల్షియాన్ని తల్లి ఒళ్లు తన ఎముకల్లోంచి తీసుకోవాలి. చూడితో ఉన్నప్పుడే బయటినుంచి పోస్తూ ఉంటే ఆ పని చేయించే గ్రంథి మందగిస్తుంది. తీరా పాలు ఎక్కువ కావాల్సిన మూడో వారంలో కాల్షియం చాలదు. నేను ప్రేమతో పోసిన ప్రతి చెంచా దానికి కీడే చేసింది.

ఇంటికొచ్చేసరికి తెల్లారింది. నాలుగు పిల్లల్లో అన్నిటికన్నా చిన్నది చల్లబడిపోయి ఉంది. అంత చిన్న పిల్లలకు కొన్ని గంటలు పాలు లేకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. అత్తమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని కూర్చున్నారు. ఆమెను ఏమీ అనలేకపోయాను. మిగతా మూడింటికి రెండు గంటలకోసారి పాలపొడి కలిపి సిరంజితో పట్టాను.

నెల తిరక్కముందే పిల్లలు కావాలని ఫోన్లు మొదలయ్యాయి. "టీకప్ సైజుదే కావాలి, పెరగకూడదు" అని ఒకాయన. పెరగని కుక్క కావాలంటే అర్థం ఏమిటి? అంత చిన్న ఎముకలు, అంత చిన్న గుండె ఉన్నదాన్ని కోరి పుట్టించమనే కదా! 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం పిల్లల్ని పుట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. మా బజారులో నెల పిల్లల్ని అట్టపెట్టెలో పెట్టి అమ్ముతుంటే అడిగే నాథుడు లేడు. నేను మాత్రం రెండు నెలలు నిండి, మొదటి టీకా పడేదాకా ఎవరికీ ఇవ్వలేదు.

ఇక మీరడిగిన లెక్క. ఒక పిల్లను మేమే ఉంచుకున్నాం, రెండింటికి 12,000 వచ్చాయి. డాక్టర్, మందులు, పెట్రోలు, పాలపొడి, టీకాలు కలిపి 14,000 దాటింది. మల్లికి ఆ నవంబరులోనే ఆపరేషన్ చేయించేశాం.

మీ కుక్క వయసెంతో మీరు రాయలేదు. 18 నెలలు నిండకపోతే ఆ ఊసే ఎత్తకండి, అది కూడా నిబంధనల్లోనే ఉంది. నిండి ఉంటే, రాత్రి పన్నెండింటికి ఫోన్ ఎత్తే డాక్టర్ మీకు ఎంత దూరంలో ఉన్నారో కనుక్కుని అప్పుడు మళ్లీ అడగండి.