యుద్ధభూమి చూడని మా పెదనాన్న మాజీ సైనికుడేనా?

యుద్ధకాలంలో సైన్యంలో ఉండి కూడా స్వదేశం దాటనివారు మీ ఇంట్లో ఉన్నారా, వారిని మాజీ సైనికులు అనవచ్చా అని అడిగారు. మా పెదనాన్న ఉన్నారు. కాకపోతే ఆయన దాటనిది అమెరికా. స్వదేశం తెనాలి దగ్గర పల్లె.

గుంటూరు వైద్య కళాశాలలో చదివి 1967లో గ్రీన్ కార్డు మీద వెళ్ళారు. 1965లో వలస చట్టం మారాక మన వైద్యులకు అది సాధ్యమైంది. అయితే శాశ్వత నివాసికి పౌరసత్వం లేకపోయినా సైన్యం నుంచి పిలుపు రావచ్చని ఆయనకు ముందుగా ఎవరూ చెప్పలేదు. 1969లో ఆ ఉత్తరం రానే వచ్చింది: వైద్యుడిగా రెండేళ్ళ సేవ. ఇండియా వెళ్ళిపొమ్మని స్నేహితులు అన్నారట. అప్పు చేసి విమానం ఎక్కినవాడు ఏ ముఖం పెట్టుకుని ఊరికి వస్తాడు?

టెక్సాస్‌లోని ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో కొన్ని వారాల శిక్షణ ఇచ్చారు. కెప్టెన్ హోదా వచ్చింది గానీ ఎవరికి ఎవరు ముందు సెల్యూట్ చేయాలో చాలాకాలం అంతుపట్టలేదట. తోటివారిలో చాలామంది వియత్నాం యుద్ధానికి వెళ్ళారు. ఈయనను అక్కడే, బ్రూక్ సైనిక ఆసుపత్రిలో, కాలిన గాయాల విభాగంలో వేశారు. ఇంటికి మాత్రం 'ఆసుపత్రి మారాను' అని రాశారు. మిలిటరీ అన్న మాట నాయనమ్మ చెవిన చివరిదాకా పడలేదు.

వియత్నాంలో కాలినవారిని జపాన్ మీదుగా విమానాల్లో అక్కడికి తెచ్చేవారు. హెలికాప్టర్ కూలి, ఇంధనం అంటుకున్న కుర్రాళ్ళు, పంతొమ్మిది ఇరవై ఏళ్ళవాళ్ళు. సల్ఫామైలాన్ అనే తెల్లటి మందు అప్పటికే ఆ ఆసుపత్రిలో వాడుకలోకి వచ్చి, పుండు చీము పట్టి చనిపోయేవారి సంఖ్యను బాగా తగ్గించింది. కానీ ప్రాణం నిలిపే ఆ మందు రాస్తుంటే ప్రాణం పోయేంత మంట. ఇంతకుమించి ఆయన చెప్పేవారు కాదు. దీపావళికి ఎప్పుడూ వాకిట్లోకి రాకపోతే చప్పుడంటే పడదేమో అనుకునేవాళ్ళం. చప్పుడు కాదట, చిచ్చుబుడ్డి పక్కన నిలబడ్డ పిల్లల నైలాన్ బట్టలు.

ప్రభుత్వ లెక్కలో ఆయన నిస్సందేహంగా మాజీ సైనికుడే. ఆ కాలంలో సేవ చేసిన అందరితోపాటు ఒక పతకం ఇచ్చారు, అది బొత్తాల డబ్బాలో ఉండేది. మామూలుగా అయిదేళ్ళు ఆగాల్సిన పౌరసత్వం ముందే వచ్చింది. పెద్దమ్మ దృష్టిలో అసలు లాభం అదే! ఆయన మాత్రం సభల్లో మాజీ సైనికులు లేచి నిలబడండి అంటే లేచేవారు కాదు.

ఒకసారి వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారకానికి నేను వెంట వెళ్ళాను. 58 వేలకు పైగా పేర్లు, అక్షరక్రమంలో కాదు, తేదీల వరుసలో ఉంటాయి. ఒక కుర్రాడు పోయిన తేదీ పెదనాన్నకు గుర్తుంది. అక్కడ వెతికితే పేరు లేదు. లావుపాటి పుస్తకం పట్టుకున్న స్వచ్ఛంద సేవకురాలు తిరగేసి చూసి, ఆసుపత్రిలో పోయినవారి పేర్లు గాయపడిన రోజు దగ్గరే ఉంటాయని చెప్పారు. పెదనాన్న నల్లరాతి వెంట వెనక్కి నడిచి ఆ పేరు మీద వేలు పెట్టారు. తరవాత వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు.

"ముప్పై నాలుగు రోజులు. అందులో ఇరవై ఆరు మా దగ్గర."