పాత టూ స్ట్రోక్ బండి: ముందు సీల్స్, తర్వాతే రేసు

ప్రశ్న: నమస్కారమండీ. మేం అమెరికాలో ఒహాయోలో ఉంటాం. పక్కింటి పెద్దాయన షెడ్డులో ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న 1974 యమహా డీటీ 125 నాకిచ్చారు. కార్బురేటర్ కడిగి కొత్త ప్లగ్ వేస్తే నాలుగో కిక్కుకే స్టార్టయింది. కానీ ఇంజన్ వేడెక్కాక యాక్సిలరేటర్ వదిలేసినా రేసు తగ్గదు, దానంతటదే పెరుగుతుంది. తెల్ల పొగ కూడా ఎక్కువే. పెట్రోల్లో ఆయిల్ కలపాలా వద్దా అన్నది ఇంకో టెన్షన్. నాన్నగారి ఆర్‌ఎక్స్ 100 మీద పెరిగినవాణ్ణి, దీన్ని అడవి దారుల్లో నడపాలని ఆశ.

జవాబు: మీ ఆశ నాకు బాగా అర్థమైంది, అందుకే చెబుతున్నా, ఈ వారం ఆ బండికి ఇంకొక్క కిక్ కూడా కొట్టకండి. వదిలేసినా రేసు పెరుగుతోందంటే ఇంజన్ ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది. ఫోర్ స్ట్రోక్‌లో క్రాంక్ ఉండే గదిలో ఆయిల్ ఉంటుంది. ఇందులో అలా కాదు, పెట్రోలు, గాలి, ఆయిల్ కలిసిన మిశ్రమం ముందు పిస్టన్ కిందున్న ఆ గదిలోకే వచ్చి, అక్కణ్ణుంచి పైకి వెళ్తుంది. కాబట్టి ఆ గదికి చిన్న సందు కూడా ఉండకూడదు. క్రాంక్ రెండు చివర్లా రబ్బరు సీల్స్ ఉంటాయి, యాభై ఏళ్లలో అవి ఎండి గట్టిపడిపోతాయి. మాగ్నెట్ (కరెంటు పుట్టించే ఫ్లైవీల్) వైపు సీల్ పోతే గాలి ఎక్కువై పెట్రోలు తగ్గుతుంది, దాంతోపాటే ఆయిలూ తగ్గుతుంది, ఇంజన్ విపరీతంగా వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపుది పోతే గేర్ ఆయిల్‌ని లాక్కుని కాల్చేస్తుంది, తెల్ల పొగ అదే కావచ్చు. సైలెన్సర్‌లో పేరుకున్న పాత ఆయిల్ కాలినా పొగ వస్తుంది, అందుకని గేర్ ఆయిల్ లెవెల్ తగ్గుతోందేమో ముందు చూడండి.

సీల్స్ జోలికి వెళ్లేముందు యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడైనా పట్టేస్తోందా, కార్బురేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య రబ్బరు పగిలిందా చూసుకోండి, ఇవి పది నిమిషాల పని. అవి బాగుంటే ప్రెషర్ టెస్ట్ చేయించండి: సైలెన్సర్ దారి, కార్బురేటర్ దారి మూసేసి 6 పీఎస్ఐ గాలి పెట్టి 6 నిమిషాలు నిలుస్తుందో లేదో చూస్తారు. సబ్బు నీళ్లు రాస్తే కారే చోట బుడగలొస్తాయి. మాగ్నెట్ వైపు సీల్‌ని పుల్లర్‌తో ఫ్లైవీల్ తీసి మార్చొచ్చు, దాని మీద సుత్తి మాత్రం వేయొద్దు. క్లచ్ వైపుదానికి క్లచ్ విప్పాలి, కొన్ని ఇంజన్లకైతే కేసింగే విడదీయాలి, అనుభవం లేకపోతే తెలిసినవాళ్లకే ఇవ్వండి. ఇంకోటి, ఈ జపాన్ బండ్ల స్క్రూలు చూడ్డానికి మామూలు స్టార్ స్క్రూల్లాగే ఉంటాయి గానీ గాడి వేరు. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) స్క్రూడ్రైవర్ కొనుక్కోకపోతే తలలన్నీ అరిగిపోతాయి.

ఇక ఆయిల్ సంగతి. యమహా 1964లో తెచ్చిన ఆటోలూబ్ పంపు మీ బండికీ ఉంది, ఇంజన్ వేగాన్నీ యాక్సిలరేటర్‌నీ బట్టి అదే ఆయిల్ అందిస్తుంది కాబట్టి మామూలుగా కలపక్కర్లేదు. కానీ ఇన్నేళ్లు ఊరికే ఉన్న పంపుని నేనైతే నమ్మను. ముందు గొట్టంలో గాలి బుడగలు పోయేదాకా బ్లీడ్ చేయండి. మొదటి ట్యాంకుకి లీటరుకి 31 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ కలపండి, అంటే 32కి 1 పాళ్లు. పంపు ఇచ్చేది దానికి అదనం, కొంచెం పొగ ఎక్కువొచ్చినా పర్లేదు. ఆయిల్ ట్యాంకులో లెవెల్ తగ్గడం మీ కళ్లతో చూశాకే ఉత్త పెట్రోలుకి మారండి. పంపు పీకేసి కలిపి పోసుకుంటే తలనొప్పి ఉండదని చాలామంది చెబుతారు, నాకైతే నచ్చదు, బాగున్నదాన్ని తీయడమెందుకు? ఒకవేళ తీసేస్తే మాత్రం కొండ దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసి గేర్లో వదిలేయకండి. పెట్రోలు రాకపోతే ఆయిలూ రాదు, కాబట్టి మధ్యమధ్యలో క్లచ్ పట్టి ఒకసారి రేసు చేస్తూ దిగాలి.

అక్కడి పెట్రోల్లో సాధారణంగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది, అది తేమని పీలుస్తుంది. చలికాలం బండి పక్కన పెట్టేముందు కార్బురేటర్ గిన్నె ఖాళీ చేయండి.

ప్రశ్న: ఖమ్మం నుంచి. మా ఆర్‌ఎక్స్ 100 పికప్ బాగా తగ్గింది. బోరు (అరిగిన సిలిండర్ లోపలి గోడని మళ్లీ తొలవడం) చేయించాలంటున్నారు. నిజమేనా?

జవాబు: బోరుకి ముందు సైలెన్సర్ వెనక ఉన్న స్క్రూ తీసి లోపలి గొట్టం బయటికి లాగండి. రంధ్రాలు మసితో పూడిపోయుంటే ఇంజన్‌కి ఊపిరాడదు. దాన్ని బాగా కాల్చి తీగ బ్రష్‌తో గీకి మళ్లీ వేసి చూడండి. అది లేకుండా నడపొద్దు, చప్పుడొక్కటే కాదు, పెట్రోలు లెక్క కూడా తప్పుతుంది. అప్పటికీ పికప్ రాకపోతే కంప్రెషన్ చూపించండి, ఆ తర్వాతే బోరు మాట.